సాగర్ నీళ్ల మీద మా సోలార్ ప్లేటు

మన హాస్టల్లో కరెంటు పోతే అరుపులు, ఈలలు. మా ఇంట్లో ఆ సరదా లేదు. పోవడానికి అసలు కరెంటు ఉంటే కదా! మా నాయన విజయపురి సౌత్ వైపు నాగార్జునసాగర్ జలాశయంలో చేపలు పడతాడు. సాయంత్రం వల వేస్తే తెల్లవారేదాకా నాటు పడవ మీదో, గట్టున పట్టా గుడిసెలోనో కాపలా. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పల్నాడు పొలాలు పచ్చబడ్డాయి. డ్యాం దగ్గర పుట్టే కరెంటు ఊళ్లకు పోయింది. నీళ్ల మీద ఉండేవాళ్లకు లాంతరే దిక్కయింది. అదీ గాలికి ఆరిపోయేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయన 20 వాట్ల సోలార్ ప్లేటు, 12 వోల్టుల బ్యాటరీ కొన్నాడు. ఫిజిక్స్ పాఠం విన్నాక లెక్క కట్టాను. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 84 వాట్ అవర్లు. సగం కంటే ఎక్కువ వాడితే బ్యాటరీ తొందరగా పాడవుతుంది. అంటే మాకు దక్కేది 42. మూడు వాట్ల బల్బు ఆరు గంటలకు 18 తీసుకుంటుంది. మిగిలింది సెల్‌ఫోన్లకు.

ప్లేటును దక్షిణానికి వాలుగా పెట్టాలని పుస్తకాల్లో ఉంటుంది. పడవ ఒకచోట నిలిస్తేగా! అందుకే నాయన పడకేసి తాడుతో కట్టాడు. గెడ నీడ ఒక మూల పడినా కరెంటు బాగా తగ్గుతుంది, గళ్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి మరి. కొంగల రెట్ట తుడిచే పని చెల్లెలిది. కేరళలో 2017 నుంచి 75 మంది ఎక్కే సోలార్ పడవే నడుస్తోందని చెబితే నాయన నవ్వాడు.

ఒక దసరా సెలవుల్లో మూడు రోజులు ముసురు పట్టింది. బ్యాటరీ నిండలేదు. చెల్లెలికి సెలవుల తర్వాత పరీక్షలు. నాయన బల్బు ఆర్పి ఫోను పెట్టాడు. చెల్లి అలిగి పడుకుంది. రెండో రాత్రి బాబాయి ఫోను: "శ్రీశైలం గేట్లు ఎత్తారు, వరద జోరుగా ఉంది, వలలకు పోవద్దన్నా." ఎవరూ పోలేదు. రెండు వలలు కొట్టుకుపోయాయి.

అమ్మ ఇప్పుడు చీటీ డబ్బులతో ఇంకో ప్లేటు కొందామంటోంది. బ్యాటరీ కూడా పెద్దది కావాలంటున్నాడు మాచర్ల షాపాయన. ఆ రెండో బల్బు తనకేనని చెల్లి ముందే చెప్పేసింది.