కుడితి తొట్టి ఉన్న ఇల్లు

చంద్రగిరి దాటి పడమరగా పోతే కొండల కింద ఉంటుంది మా పల్లె. వానల్ని నమ్ముకుని శెనక్కాయ వేసేది, బావిలో నీళ్లుంటే చెరుకు పెట్టేది. ఆ ఊళ్లో మా ఇంటికి అసలైన నడిమిల్లు వంటింటి వెనక ఉన్న రాతి కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కాయగూరల తొక్కలు, చట్టి అడుగున అంటుకున్న సంగటి, మజ్జిగ ముంత కడిగిన నీళ్లు అన్నీ అందులోకే చేరేవి. సాయంత్రానికి అది పులిసి, తవుడూ నానిన చెక్కా పడి, ఎద్దులకూ బర్రెకూ ఇష్టమైన తాగుడయ్యేది. చెక్క అంటే మా చేలో కాసిన శెనక్కాయల నుంచి గానుగలో నూనె తీసేశాక మిగిలేదే. ఎవరైనా చెయ్యి కడిగిన నీళ్లు వాకిట్లో విసిరేస్తే అవ్వ ఊరుకునేది కాదు. "ఆడ గొడ్డు నోరు తెరుచుకోని ఉంటే ఈడ మట్టికి పోస్తావేందిరా?" అనేది.

జాలాడి నీళ్లకు కూడా దారి ఉండేది. బోకులు తోమిన నీళ్లూ స్నానం నీళ్లూ సన్నటి కాలవలో పోయి అరటి చెట్ల పాదుల్లో, చేమ ఆకుల కింద ఇంకేవి. శీకాయ, సున్నిపిండి, బూడిద తప్ప ఆ నీళ్లలో ఇంకేమీ ఉండేది కాదు గనక చెట్లకు ఏ హానీ లేదు. మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అవి తప్పితే మళ్లీ ఏడాది దాకా చెరువు నిండదు. వేసవిలో బావి అడుగంటినప్పుడు, మనిషి వాడిన బిందెడు నీళ్లే చెట్టుకూ అందాలి.

పొయ్యి బూడిదను జల్లించి, మూతి పగిలిన కుండలో దాచేవాళ్లు. కట్టె బూడిదలో పొటాష్ లవణాలుంటాయి. తడి బూడిద నూనె జిడ్డును పట్టుకుని కొంత సబ్బుగా మారుతుంది. టెంకాయ పీచుతో రుద్దితే సత్తు గిన్నె తళతళలాడేది అందుకే. రసానికి పిసికిన చింతపండు పిప్పి ఇత్తడి చెంబులకు. మిగిలిన బూడిదను అమ్మ తెల్లవారుజామున, మంచు తడి ఆరకముందే, చిక్కుడు తీగ మీద చల్లేది. పేనుబంక పట్టకుండా అది కాపాడేది. అలసందలు, కందులు విత్తనానికి దాచేటప్పుడు కూడా బూడిద కలిపి కుండకెత్తేది.

శెనక్కాయ ఒలిచే రోజుల్లో నట్టింట్లో పొట్టు గుట్టలు పడేది. కాయ బరువులో పావు వంతు పైగా పొట్టే. అది నీళ్ల కాగు కింద మండేది. పప్పు తీసి మేం ఒక గంపలో, పొట్టు ఒక గంపలో వేస్తుంటే, నోట్లో వేసుకున్న గింజల లెక్క అవ్వ అడిగేది కాదు. కాయ పీకాక చెట్టంతా ఎండి పశువులకు మేత. దాని వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిచ్చి పోతాయని తర్వాత బడిలో చదువుకున్నాను.

అయితే నా కళ్ల ముందు ఇప్పటికీ ఉన్నది బెల్లం గానిగ. చిత్తూరు బెల్లం మండీకి పోయే దిమ్మెలన్నీ ఇట్లాంటి గానిగల దగ్గరే పుట్టేవి. చెరుకు నరికాక సోగ ఎద్దులకు, ఎండాకు కొట్టం పైకప్పుకు. గానిగ నుంచి రసం ఒక పక్క, పిప్పి ఇంకో పక్క. పిప్పిని ఎండలో పరిచి, నాలుగైదు రోజులు తిరగేసి ఎండబెట్టేవాళ్లు. వెడల్పాటి పెనంలో రసం కాగేది ఆ పిప్పి మంటతోనే. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఒక్కో చేరెడు లోపలికి తోస్తా, మంట పెరగకుండా తగ్గకుండా చూసుకునేవాడు. అదే అక్కడ పెద్ద పనితనం. రసం తెర్లేటప్పుడు నలగ్గొట్టిన బెండ మొక్కల జిగురు పోస్తే మురికంతా పైకి తేలేది. దాన్ని పొడుగు జల్లి గరిటెతో ఎత్తి పక్క గుంతలో పోసేవాళ్లు. అదీ ఎరువుదిబ్బకే. టన్ను చెరుకు ఆడితే ఇంచుమించు క్వింటాలు బెల్లం దిగుతుంది. మిగిలినదాంట్లో నీరు ఆవిరై పోతే, పిప్పి పొయ్యిలో కాలి బూడిదై మళ్లీ అదే చేలోకి పోయేది. బయటి నుంచి ఒక కట్టె కొనాల్సిన పని లేదు. ఆరబోసిన పిప్పి మీద మబ్బు కమ్మిందంటే మాత్రం ఇంటిల్లిపాదీ పరుగెత్తేది. అది తడిస్తే వంట ఆగిపోవాల్సిందే.

బట్టలదీ ఇదే తీరు. అవ్వ చీర బొంతయ్యేది, తాత పంచె బిడ్డకు పొత్తిగుడ్డయ్యేది, దీపానికి ఒత్తయ్యేది, ఆఖరికి మసిగుడ్డయ్యేది. పెండ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే పసుపు గుడ్డసంచి చిల్లులు పడేదాకా సంతకు వచ్చేది. మా సరిహద్దుకు అవతల తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఆ పసుపు సంచినే మళ్లీ చేత పట్టుకోమని ప్రచారం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది తిరుమల కొండ మీద ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించారు. ఈ రెండు వార్తలూ చదివినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

ఆ కాలాన్ని ఆకాశానికెత్తడం మాత్రం నాకు చేతకాదు. ఆ పొదుపంతా ఆడవాళ్ల రెక్కల మీద నడిచింది. పొగకు అవ్వ కళ్లు ఎప్పుడూ ఎర్రగా నీరు కారతా ఉండేవి, అమ్మ నడుం నీళ్ల బిందెలతోనే అరిగిపోయింది. 1999లో దీపం పథకం వచ్చాక మా ఊరి ఇళ్లలోకి గ్యాస్ పొయ్యిలు రావడం మొదలైంది. పొగ పోయింది. అది పోవాల్సిందే. బూడిదా దాంతోనే పోయింది. ట్రాక్టరు రాగానే ఎద్దుల్ని అమ్మేశారు, కొన్నాళ్లకు బర్రెనూ అమ్మేశారు. తొట్టి ఖాళీ అయింది.

మనవాళ్లకు ఇప్పుడు పొదుపు తెలియదని పెద్దలు తిడుతుంటే నాకు ఒప్పబుద్ధి కాదు. అవ్వ గుణం ఎంత మంచిదైనా, గంజి తాగే గొడ్డు లేకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఒక ఇంట్లో మిగిలింది అందుకునే నోరు పక్కనే ఉండటం, ఆ ఇంటి అలవాట్లకు వేరు. ఇప్పుడు మేముండే తిరుపతి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో బియ్యం కడిగిన నీళ్లు సింకులోకి పోతున్నాయంటే, వాటిని అడిగేవాళ్లు లేకనే. ఆ బియ్యం కడిగేది కల్యాణీ డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో అంత దూరం వచ్చిన నీళ్లతో.

అందుకని అడిగేవాళ్లను వెతుక్కోవడం మొదలుపెట్టాం. కార్పొరేషన్ బండి తడిచెత్తను వేరుగా తీసుకుని తూకివాకం దగ్గరి కేంద్రానికి తోలుతుంది, అది ఒక దారి. ఇంకో దారి మా పాలాయన. ఆయనకు ఊరి బయట ఆవులున్నాయి. మెట్ల కింద రెండు బకెట్లు పెట్టాం. ఒకటి బియ్యం కడిగిన నీళ్లకు, ఒకటి తొక్కలకు. పాలు పోసి, అవి ఎత్తుకుని పోతాడు. ఒక్క ప్లాస్టిక్ కవరు కనపడినా ఆరోజు బకెట్ ముట్టడు. కవర్లు మింగిన ఆవు కడుపును డాక్టరు కోసి తీయడం ఆయన కళ్లారా చూశాడు. ఉల్లిపొట్టూ నిమ్మచెక్కలూ ఆవులకు వద్దన్నాడు. వాటికోసం మిద్దె మీద ఎరువు కుండీ పెడదామని పై అంతస్తువాళ్లతో మాట్లాడుతున్నాం. వాసనొస్తుందేమోనని వాళ్ల భయం. ఎండుటాకు ఒక వరస, తొక్కలు ఒక వరస వేస్తే రాదని చెప్పాను. ఈ ఆదివారం పైకొచ్చి చూస్తామన్నారు.