గొలుసుకట్టు

పద్మాపూర్ పేరెత్తితే మన చాందా వాళ్లకు గుర్తుకు వచ్చేవి రెండే: బొగ్గు, పులి. (చంద్రపూర్ అనడం మాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. కాగితాల మీద చంద్రపూర్, ఇంట్లో చాందా.) పట్టణం నుంచి మొహర్లీ మీదుగా తాడోబా అడవికి పోయే దారిలో ఓపెన్‌కాస్టు గని, గనిలోంచి తీసిన మట్టి పోయగా పెరిగిన గుట్టలు, ఇటు దుర్గాపూర్ కాలనీలు, థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, అటు చూస్తే అడవి. వీటన్నిటికీ నీరిచ్చేదీ, వీటన్నిటి మురికినీ మోసేదీ ఇరయి నది. మనవారిలో కొందరు రెండు మూడు తరాల కిందట కరీంనగరం, ఆదిలాబాదు వైపునుంచి గనిపనికి వచ్చినవారు. మరికొందరు అంతకు చాలా ముందే వర్తకానికి వచ్చి, ఇంటిపేరు చివరి ‘వారు’ను మరాఠీ నోట ‘వార్’ చేసుకొన్నవారు.

నలుగురు కూర్చున్న చోట మేము తరచు గమనించేది ఒకటున్నది. కష్టాలను విడివిడిగా లెక్కపెడతాము. పులి అటవీశాఖ వారిది, వరద ఆనకట్ట వారిది, బూడిద కరెంటు వారిది, అప్పు మన నొసటి రాత. ఒక్కొక్క దానికి ఒక్కొక్క దరఖాస్తు. దరఖాస్తులు పెట్టవద్దని మేము అనము. కాని ఒక కష్టం తోక ఇంకొక కష్టం నోట్లో వున్నదేమోనని తిరిగి చూసేవారు తక్కువ.

గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మా మిత్రులొకరు చెప్పిన సంగతి ఇది. ఏ గని అన్నది ఆయన చెప్పలేదు, చెప్పినా మేము రాయము. ఒక వానకాలం గని అడుగున సంపులో నీరు నిలిచింది. పంపు పెట్టారు. తగ్గలేదు. రెండో పంపు పెట్టారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. మూడో పంపుకు కాగితాలు కదిలినవి. ఈలోగా అక్కడి పంపు ఆపరేటరు, పెద్ద చదువు లేని మనిషి, తిండి డబ్బా చేతపట్టుకొని పైపు వెంబడి గని పైదాకా నడిచాడు. పైపు నోట పడిన నీరు ఎటు పోతున్నదో చూద్దామని. గని చుట్టూ తవ్విన కాలువ ఒకచోట మట్టి జారి పూడిపోయి వున్నది. తోడిన నీరు వాగుకు పోక అక్కడే నిలిచి, మట్టిలో ఇంకి, మళ్లీ గనిలోకే ఊరుతున్నది. పంపు ఎంత పెద్దదైతే అంత నీరు తిరిగి వస్తుందన్నమాట! పదిమంది పారలు పట్టి ఒక పూటలో కాలువ తీశారు. రెండో పంపుకు కూడా పని లేకపోయింది.

మా మిత్రులకు అబ్బురమనిపించింది ఆ మనిషి తెలివి కాదు, అతడు నడవడం. మిగతావారందరూ సంపు ఒడ్డునే నిలబడి నీటిమట్టం చూస్తున్నారట.

ఈ నడకనే ఒక శాస్త్రంగా చేసినవారు అమెరికాలో జే ఫారెస్టర్ గారు. నెబ్రాస్కాలో పశువుల పోషణ చేసే కుటుంబంలో పుట్టి, ఎం.ఐ.టి.లో తొలినాటి కంప్యూటర్లు నిర్మించి, 1956లో అక్కడి మేనేజిమెంటు కళాశాలకు మారినారు. ఆ రోజులలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి కెంటకీలో ఇంటి యంత్రాలు తయారుచేసే కర్మాగారాలుండేవి. అక్కడ మూడేళ్ల కొకమారు పని పొంగేది, మళ్లీ పడిపోయేది. ఒకప్పుడు మూడు షిఫ్టులు, ఇంకొకప్పుడు సగం మందికి పని లేదు. దేశంలో వ్యాపారపు ఎగుడుదిగుళ్లే దీనికి కారణమని అందరూ నమ్మారు. ఫారెస్టర్ గారు కంప్యూటరు జోలికి పోక, ఒక నోటుపుస్తకం కాగితం తీసి, వారం వారం సరుకు నిల్వ ఎంత, ఆర్డర్లెన్ని, మనుషులెందరు, ఏ లెక్క చూసి కొత్తవారిని పెట్టుకొంటున్నారు అని వరుసలు వేసుకొంటూ పోయారు. గిరాకీ ఏమాత్రం కదలదనుకొని లెక్కవేసినా లోపలి ఊగిసలాట ఆగలేదు. అంటే ఊపు బయటినుంచి రావడం లేదు, వారి నియామకాల పద్ధతిలోనే వున్నది. 1961లో ఆయన రాసిన ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ అనే పెద్ద గ్రంథానికి పునాది ఇటువంటి లెక్కలే.

ఆయన చూడమన్నవి మూడు: ఎంత నిల్వ వున్నది, ఎంత వస్తూ పోతూ వున్నది, చేసిన పని ఫలితం ఎంత ఆలస్యంగా తెలుస్తున్నది. మా దృష్టిలో మూడవదే అసలు చిక్కు. కొత్తగా వంటకు దిగిన మగవాడిని చూడండి. పులుసులో ఉప్పు వేసి, అది కరగకముందే రుచి చూసి, చాలలేదని మళ్లీ వేస్తాడు.

కాలనీలో చిట్టీ ఎరుగని గడప లేదు. మేమెరిగిన ఒక ఇంట చిట్టీ పాడుకొని పెళ్లి చేశారు. దాని వాయిదాలు కట్టడానికి ఇంకొక చిట్టీలో చేరి, దానిని కూడా తొందరపడి బాగా తగ్గించి పాడుకొన్నారు. పెద్దకొడుకు ఓవర్‌టైము చేసి కట్టేవాడు. ఓవర్‌టైముతో నడుము నొప్పి, నొప్పితో నాగాలు, నాగాలతో జీతం కోత, కోతతో మూడో చిట్టీ. ‘వీడిది దుబారా చెయ్యి’ అని తండ్రి. ‘పెళ్లి ఘనంగా జరగాలన్నది మామయ్యగారే’ అని కోడలు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది, తిరుగుతున్న చక్రం మాత్రం ఇద్దరి మాటలోనూ లేదు. చివరికి మేనత్త వచ్చి, గోడ క్యాలెండరు చింపి దాని వెనుక, ఏ నెల ఏది వస్తుంది ఏది పోతుంది అని మేనల్లుని చేత రాయించింది. మూడో చిట్టీ పాడకుండా ఆఖరుదాకా వుంచారు, ఓవర్‌టైము మాన్పించారు. ఏడాదిన్నర ఇరుకుగానే గడిచింది. వారు లక్షాధికారులయ్యారని చెప్పబోవడం లేదు. చక్రం ఆగింది, అంతే.

నిజానికి మన తెలుగువారికి ఈ దృష్టి అరువు తెచ్చుకోవలసినది కాదు. కాకతీయుల నాటినుంచి తెలంగాణంలో గొలుసుకట్టు చెరువులున్నవి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు నీరు. పై ఊరివారు మత్తడి జానెడు లేపితే కింది ఊరి నాట్లు ఎండుతవి. పై కట్ట తెగితే కింది కట్ట మీదికి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు జరిగిందీ అదే. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పట్టణంలో గట్లు పోయించడంతో సరిపెట్టుకొనక, ఎగువనున్న చెరువులన్నిటి లెక్క తీశారు. మొత్తం 788 చెరువులు, వాటిలో 221 ఆ వానకు తెగినవి. ఒక చెరువు నీరు ఇంకొక చెరువును తెంచుకొంటూ వచ్చి పట్టణం మీద పడిందన్నమాట. కనుక ఎగువనే నీటిని పట్టి వుంచాలని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. ఆ జలాశయాలిచ్చిన ధైర్యంతో తరువాతివారు మూసీ ఒడ్డులను ఇండ్లతో నింపడం వేరే కథ.

మా ఇరయి కూడా గొలుసుకట్టే. దానిమీది ఆనకట్ట నీరే థర్మల్ కేంద్రానికి ఆధారం. 2920 మెగావాట్ల కేంద్రం, పక్కనే బొగ్గు. అయినా 2010 వేసవిలో నీరు చాలక యూనిట్లు ఆపవలసి వచ్చింది. అటువంటి వేసవి చూసినవారు జలాశయం నిండుగా వుండాలని కోరుకోవడం సహజమే. కాని నిండిన జలాశయం మీద పెద్దవాన పడితే గేట్లు ఎత్తక తప్పదు. దిగువన ఇరయి పోయి వార్ధా నదిలో కలుస్తుంది. అప్పటికే వార్ధా పొంగి వుంటే ఇరయి నీటికి దారి లేక వెనక్కు తంతుంది. నదిగర్భంలో పూడిక, ఒడ్డున మట్టిగుట్టలు వుండనే వున్నవి. 2013లోనూ, 2022 జులైలోనూ లోతట్టు పేటలవారు బియ్యం డబ్బాలు అటక ఎక్కించిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. ఎండకు వెరచి దాచుకొన్న నీరే వానలో ఇంటికి వచ్చింది.

ఇక పులి సంగతి. 2022 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రం ఆవరణలో ఒక కార్మికుణ్ణి పులి చంపింది. ఆ వెంటనే దుర్గాపూర్‌లో పదహారేళ్ల పిల్లవాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. పొద్దుగూకితే తల్లులు పిల్లలను గడప దాటనివ్వలేదు. రెండో షిఫ్టు దిగి వచ్చే మగవారికోసం ఆడవాళ్లు టార్చిలైట్లు పట్టుకొని గుంపుగా గేటుదాకా పోయేవారు. అటువంటి భయంలో ఎవరైనా అడిగేది ఒకటే: బోను పెట్టండి, పట్టుకుపొండి.

మనుషులను పట్టిన జంతువును పట్టవలసిందే. ఆ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. కాని కనిపించిన చిరుతనల్లా పట్టి వేరేచోట వదిలితే ఏమవుతుందో మన మహారాష్ట్రలోనే పుణే జిల్లా జున్నరులో చూశారు. విద్యా ఆత్రేయ గారు, వారి సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1993 నుంచి 2001 వరకు అక్కడ మనుషుల మీద చిరుత దాడులు ఏడాదికి సగటున 4. చిరుతలను పెద్దఎత్తున పట్టి తరలించడం మొదలైన తరువాత, 2001–2003 మధ్య, అవి సగటున 17 అయినవి. తావు చెదిరిన జంతువు తెలియనిచోట తికమకపడుతుంది. ఖాళీ అయిన తావులోకి ఇంకొకటి వస్తుంది. రెండో పంపు పెట్టినట్టే.

మరి పైపు వెంట నడిస్తే మాకు కనిపించినది ఇది. గనిలోంచి మట్టి వచ్చింది. మట్టిగుట్టల మీద, కాలనీల వెనుక ఖాళీ జాగాలలో సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకొన్నది. పొద కింద పందులకూ కుక్కలకూ నీడ, పక్కనే మన చెత్తకుప్పలలో వాటికి తిండి. వాటికోసం చిరుత వస్తుంది. ఇటు 1955లో నేషనల్ పార్కు, 1995లో పులుల సంరక్షణకేంద్రం అయిన తాడోబాలో పులులు బాగా పెరిగినవి. ఎదిగిన పులిపిల్లలు కొత్త తావులు వెతుక్కొంటూ బయటికి వస్తున్నవి. అది మంచిపని ఫలితమే, కాదనలేము. తుమ్మను నరికితే మొదటినుంచి నాలుగు కొమ్మలు వేసి మునుపటికంటె గుబురుగా లేస్తుంది. నరికిన రోజున శుభ్రంగా కనిపిస్తుంది, రెండు వానలు పోయాక చూడాలి.

ఉగాది భోజనాల ఏర్పాట్లకు కాలనీవారు సమావేశమైనప్పుడు ఈ మాట మళ్లీ వచ్చింది. హాలు వెనుక వీధిదీపాలు పెట్టించాలని ఒకరు, ప్రహరీగోడ లేపాలని ఒకరు. చందా ఎంతన్న దాకా పోయింది. మూలన కూర్చున్న ఒక అవ్వ అప్పుడు నోరు విప్పింది.

“గోడ లేపుతరు సరే బిడ్డా. విస్తళ్లు యాడ పారేస్తరు?”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అవ్వే చెప్పింది: “మనం మెతుకులేస్తె కుక్కలొస్తయి. కుక్కలకోసం అది అస్తది. పోరగాళ్లు దాని తొవ్వల దొరుకుతరు.”

అన్నం మిగిలితే నోరులేని జీవాలకు వేయడం పుణ్యం కదా అని ఒక పెద్దాయన నొచ్చుకొన్నారు. “పుణ్యమే అన్నా, పగటిపూట ఎయ్యి, తినంగ మిగిలింది ఎత్తు” అన్నది అవ్వ. విస్తళ్లూ మిగులూ ఆ రాత్రే బండిమీద తీయించి గుంటలో పూడ్చాలని తేలింది. అయితే అంతటితో సరిపోదని పంపు కథ చెప్పిన మా మిత్రులే అడ్డం వచ్చారు. మన వీధిలో తిండి ఆగితే కుక్కలు మాయం కావు, పక్క వీధికి పోతవి. చిరుత వాటి వెంట అటు పోతుంది. అక్కడి పిల్లలు మాత్రం పిల్లలు కారా? కనుక పక్క వీధులలోని మరాఠీ, ఛత్తీస్‌గఢీ, బీహారీ ఇండ్లవారిని కూడా పిలవాలన్నారు. తుమ్మ సంగతిలో మరో హెచ్చరిక చేశారు: ఇండ్ల వెనుక వున్నది వేళ్లతో తీయండి, గుట్ట వాలు మీదిది ముట్టకండి, అక్కడ మట్టిని పట్టి వుంచింది ఆ వేళ్లే, పెరికితే ఆ మట్టి అంతా ఇరయిలోకి దిగుతుంది.

దానితో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పులి గురించి మొదలైన మాట వరద దగ్గరికి వచ్చి ఆగింది.

బండి కిరాయి సంఘం ఇవ్వాలా, వంటలవాళ్ల లెక్కలో కలపాలా అన్నది ఇంకా తెగలేదు. పక్క వీధివారు మాట్లాడడానికి ఒప్పుకొన్నారు, వారి చెత్తకుప్ప మనదానికంటె పెద్దది. తొలకరి పడి నేల మెత్తబడ్డాక ఒక ఆదివారం తుమ్మవేళ్లు తవ్వడానికి ముప్ఫైమంది పేర్లిచ్చారు. ఇప్పటికి గడ్డపారలు పదకొండు తేలినవి.