కోట యెట్టిది?

మేము పాఠశాలలో సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పువారము. సాయంకాలము బడి విడిచిన పిదప నలుగురు బాలురను చుట్టు కూర్చుండబెట్టుకొని చదరంగమాడుట మాకు చిరకాలపు వ్యసనము. ఆ యాటలో కోట యన నేమో బోధింపబోయి మేము పొందిన పరాభవమును చదువరులకు విన్నవించుచున్నాము.

ఆట చివర బలము తక్కువైనవాడు గెలువజాలడు. కాని కొన్నియెడల నోడకుండ నిలువగలడు. శత్రువెంతకాలము ప్రయత్నించినను చొరలేని తావును కోట యందురు. ఒకవైపున రాజుతోపాటు శకటును, అంచు వరుస బంటును మిగిలినవనుకొందము. ఎదుట రాజొక్కడే. బంటు మంత్రియగు మూలగడి యొక రంగు. శకటు నడచు గడులు వేఱొక రంగు. ఒంటి రాజు ఆ మూలను జేరెనా, వానిని వెడలగొట్టు సాధనము లేదు. దారులన్నియు మూసినచో, బెదరింపు లేకయే కదల నెడము లేక ఆట సమమగును.

గోడ గట్టిగా నున్న చాలదు. చదరంగమున ఊరకుండుట కధికారము లేదు గనుక, లోపలివానికి గోడ చెడని యెత్తొకటి యెల్లప్పుడు నుండవలెను; లేదా పై మూలగడిలోవలె కదలలేమియే సమముగా ముగియవలెను. ఈ రెండును లేని కోట తన వంతు రాగానే తానే తలుపు తీయును.

ఇంతవఱకు మా బోధ సరియైనదే. పిమ్మట రెండు శకటుల కెదురుగా ఒంటి గుఱ్ఱమును మూలగడికి ఐమూలగా నానుకొన్న గడిలో నిలిపి, దాని చెంత రాజునుంచి, “ఇదియు కోటయే. 1851లో క్లింగు, హార్విట్జు అను పండితులు వ్రాసినారు” అంటిమి. ఒక బాలుడు లేచి, “మాస్టారూ, ఇది కోట కాదండీ. కంప్యూటరు పగలగొట్టేసింది” అనెను. మాకు కోపము వచ్చెను. “అచ్చుపుస్తకముకన్న నీ యంత్రము పెద్దదా?” అని గద్దించితిమి. వాడు తలవంచుకొని కూర్చుండెను.

ఆ రాత్రి మేమే వెదకి చూచితిమి. 1983లో కెన్ థామ్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ యైదు కాయల స్థితులనన్నిటిని యంత్రముచే లెక్కింపించెను. రెండు శకటులవాడు సామాన్యముగా గెలుచుననియు, మిక్కిలి దీర్ఘమైన గెలుపునకు 66 ఎత్తులు పట్టుననియు తేలెను. గుఱ్ఱమువాడు ఒక మూల చెడిన వేఱొక మూలకు పరుగెత్తి మరల కట్టుకొనజూచును; తుదకు దొరకిపోవును. చంపుడును, బంటు కదలికయు లేక 50 ఎత్తులు గడచిన ఆట సమమను నియమము వానిని కాపాడవచ్చును; అది నియమము చేసిన రక్షయే గాని గోడ చేసిన రక్ష గాదు.

దుర్గమనగా కష్టముచే చేరదగినదని సంస్కృత వ్యుత్పత్తి. చదరంగపు కోటకు కష్టసాధ్యత చాలదు, అసాధ్యత కావలెను. 132 సంవత్సరములు పెద్దలు నమ్మినది దుర్గమే గాని కోట గాదు. ఎదిరించినవారు లేకపోవుట సత్యమునకు లక్షణము గాదు. మా గద్దింపుతో బాలుడూరకున్నాడు గనుక మా మాట నిలిచెను, సత్యమై నిలువలేదు.

మఱునాడు అందఱి యెదుట తప్పు మాదని చెప్పి, వానిని శకటుల వైపు కూర్చుండబెట్టి, గుఱ్ఱమును మేము తీసికొంటిమి. వాడు ఆ సాయంకాలము గెలువలేకపోయెను. అయినను అది కోట యని మేము మరల ననలేదు.