చిత్రకోట వద్ద ఒక ఆదివారం

"ఒక్కరేనా?"

జగదల్‌పూర్‌లో నేను అడుగుపెట్టిన మొదటి లాడ్జిలో గుమాస్తా రిజిస్టరు తెరుస్తూ అడిగిన ప్రశ్న ఇది. నా వెనుక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వంక చూశాడు. ఎవరూ రావడం లేదని తెలియగానే గదులు ఖాళీ లేవన్నాడు. రెండవచోట గది దొరికింది గాని, అద్దె ఇద్దరికి సరిపడా చెల్లించవలసి వచ్చింది.

ఆ గుమాస్తాను పూర్తిగా తప్పుపట్టలేను. 26 ఏళ్ళ ఉద్యోగంలో ఆడిట్ పనిమీద ఎన్నో ఊళ్ళు తిరిగినా, పని ముగిసిన వెంటనే తిరుగు రైలెక్కడమే నా అలవాటు. విహారమన్నది కుటుంబంతో చేసేదని నేనూ నమ్మినదాన్నే. ఈసారి ఎందుకో కిరండూల్ నుండి విశాఖ వెళ్ళే బండిలో తిరిగివస్తూ, దారిలో జగదల్‌పూర్‌లోనే దిగిపోయాను.

చిత్రకోట అక్కడికి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి ఇక్కడ గుర్రపులాడం ఆకారంలోనున్న రాతి అంచుమీదుగా దాదాపు 29 మీటర్ల లోతుకు దూకుతుంది. వర్షాకాలంలో ఎర్రమట్టి నీరు అంచంతా నిండి పారుతుంది. నేను వెళ్ళినది డిసెంబరు కావడంచేత ధారలు పాయలుగా విడివడి తెల్లగా జారుతున్నాయి. ఈ నదే తుదకు గోదావరిలో కలుస్తుంది. భద్రాచలంలో మనం మునిగే నీటిలో దీని వాటా కూడా ఉన్నదన్నమాట.

గట్టుమీద మన కార్తీక వనభోజనాల సందడే. చాపలు, క్యారియర్లు, పరుగెత్తే పిల్లలు. ఒంటరిగా వచ్చినవారికి ఇటువంటి చోట ఒక ఉద్యోగం తప్పక దొరుకుతుంది: అందరికీ ఫోటోలు తీసిపెట్టడం! నాలుగు కుటుంబాలకు తీశాను. రేవులో పడవవాడు మాత్రం ఒక్కరికోసం పడవ కదపనన్నాడు. మరికొందరు వచ్చేవరకు మెట్లమీద కూర్చున్నాను.

"మీవాళ్ళేరమ్మా?" అని తెలుగులో వినిపించి తలతిప్పాను. డెబ్బై ఏళ్ళు పైబడిన ఒక పెద్దావిడ. బైలాడీలా ఇనుపగనులలో 1968లో ఉత్పత్తి మొదలైన తరువాత ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వారిదొకటి.

"నేనొక్కదాన్నే వచ్చానండి."

"పనిమీదా?"

"కాదండి. చూడటానికే."

ఆమె కొంతసేపు జలపాతం వైపు చూస్తూ ఉండిపోయింది.

"నలభై ఏళ్ళుగా వస్తున్నానమ్మా ఇక్కడికి. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్దుకునేసరికే పొద్దుపోయేది. పడవ ఎప్పుడూ ఎక్కలేదు."

ఏమనాలో నాకు తోచలేదు. ఇంతలో ఒక కొత్త జంట మెట్లు దిగివచ్చింది. ఇక కదలవచ్చునని పడవవాడు తెడ్డు అందుకున్నాడు. నేను చేయి చాచాను. ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, నా చేయి పట్టుకొని పడవలోకి దిగింది.

ధారల దగ్గరకు చేరేకొద్దీ మాటలు వినిపించడం మానేశాయి. తుంపరలకు ఇద్దరమూ తడిసిపోయాము. ఆమె కళ్ళజోడు తీసి చెంగున ముడివేసుకుంది. గట్టుమీదనుంచి ఎవరో చేతులూపుతున్నారు. బహుశా భోజనాల వేళయినట్లుంది.

"మిమ్మల్నే పిలుస్తున్నట్లున్నారు" అన్నాను, ఆమె చెవి దగ్గరకు వంగి.

ఆమె అటువైపు తిరగలేదు.

"వాళ్ళే పెట్టుకుంటారులే" అంది.