టైమింగ్ ముందు, మిక్చర్ తర్వాత

1973లో పోర్షే 911టిలో వచ్చిన బాష్ కె-జెట్రానిక్ ఇంజెక్షన్‌లో కంప్యూటర్ లేదు. లోపలికి వెళ్లే గాలి ఒక గుండ్రటి పలకను కదిలిస్తుంది. పెట్రోలు ఎంత వెళ్లాలో ఆ కదలికే నిర్ణయిస్తుంది. కాబట్టి ముందు వెతకాల్సింది గాలి లీకులు. పగిలిన రబ్బరు గొట్టమే కాదు, వదులైన ఆయిల్ మూత కూడా లెక్కకు రాని గాలిని లోపలికి వదిలి గాలి-పెట్రోలు మిక్చర్‌ను పలచన చేస్తుంది. లీకు ఉండగా మిక్చర్ స్క్రూ తిప్పడం శుద్ధ దండగ.

ఇంజిన్ బాగా వేడెక్కాక టైమింగ్. మొదటి సిలిండర్ ప్లగ్ వైరుకు టైమింగ్ లైట్ తగిలిస్తే, తిరిగే పుల్లీ మీది గీత ఆగినట్టు కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, గీత మాన్యువల్ చెప్పిన డిగ్రీకి చేరేదాకా డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి.

టైమింగ్ మారితే ఐడ్లింగూ మారుతుంది; అందుకే మిక్చర్ వంతు ఆ తర్వాతే. మిక్చర్ స్క్రూ రంధ్రంలో పెట్టిన 3 మి.మీ. అలెన్ కీని కుడివైపు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎడమవైపు తిప్పితే తగ్గుతుంది. కాస్త తిప్పి, కీ తీసి, రంధ్రం మూసి, యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలాకే కార్బన్ మోనాక్సైడ్ మీటరు చూడాలి. కీ లోపల ఉండగా మాత్రం ఇంజిన్‌ను రేజ్ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం, పని ఆరుబయటే జరగాలి.