వరద తీసిన మర్నాడు

ఐప్పసి, కార్తిక మాసాల్లో పడమటి కొండల మీద మబ్బు కమ్మితే చాలు, రాజపాళయంలో చినుకు పడకపోయినా అయ్యనార్ కోవిల్ ఏటికి నీళ్లొస్తాయి. నా చిన్నతనంలో ఆ ఏటి వంపులో మా తాతకు మామిడి తోపు ఉండేది. వరద రాత్రుల్లో నీళ్ల హోరు అడుగున బండరాళ్లు దొర్లే చప్పుడు వినబడేది. ఏటి అడుగును అరగదీసేది ఒట్టి నీళ్లు కాదు, అవి మోసుకొచ్చే రాళ్లూ ఇసుకా అని తాత చెప్పేవాడు.

ఒక ఐప్పసిలో రాత్రంతా కొండ మీద వాన కురిసింది. తెల్లారేసరికి ఏరు ఎర్రగా, గట్టుకు జానెడు కిందుగా పారుతోంది. వంపులో నీళ్ల వడి అంతా మా ఒడ్డు మీదే. ఎదుటి ఒడ్డున ఇసుక మేట వేస్తోంది. సాయంత్రానికి వరద తీసింది. గండం గడిచిందనుకున్నాం. మర్నాడు పొద్దున గట్టు పొడవునా నెర్రె కనబడింది. "వెనక్కి రండిరా!" అని తాత అరిచాడు. చూస్తుండగానే గట్టు నిలువునా విరిగి, కాపు కాసే మామిడి చెట్టుతో సహా ఏట్లో కూలింది.

నిండు వరదకు నిలిచిన గట్టు నీళ్లు తగ్గాక ఎందుకు కూలింది? ఏరు దాని పాదంలోని ఇసుకను రాత్రే తవ్వేసింది. పై మట్టి నీళ్లు తాగి బరువెక్కింది. ఏరు నిండుగా ఉన్నంతసేపు ఆ నీళ్ల ఒత్తిడే గట్టుకు ఊతమైంది. ఆ ఊతం పోగానే బరువు ఆగలేదు. కాస్త ఎగువన, ఏరుమద్ది వేళ్లు పట్టుకున్న గట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

తర్వాతి కాలంలో దిగువన ఇసుక తోలారు. తవ్విన గుంట తవ్విన చోటే ఉండిపోదు. వరద వచ్చినప్పుడల్లా దాని ఎగువ అంచు తెగుతూ ఏటి పొడవునా పైకి పాకుతుంది. అడుగు దిగేకొద్దీ రెండు గట్లూ ఎత్తై, నిలువై, కూలడానికి సిద్ధమవుతాయి. మా వంపులో అదే జరిగింది.

ఏటి గట్లకే కాదు, రైలు కట్టకూ ఇదే గతి. 2023 డిసెంబర్‌లో దక్షిణ తమిళనాడు వరదల్లో శ్రీవైకుంఠం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, రైల్లో వందలమంది చిక్కుకుపోయారు. పైన ఇనుమున్నా పాదం పోతే ఏదీ నిలవదు.

ఏటి పక్కన తోటలున్న మనవాళ్లకు నా మనవి: గట్టు అంచుదాకా దున్నకండి. ఏరుమద్దిని నరకకండి. ఏటి ఇసుకను ఏటికే వదలండి. వరద తీసిన మర్నాడు మాత్రం పిల్లల్ని గట్టు మీదికి పోనివ్వకండి.