లెమాన్ సరస్సుపై

ఫ్రాన్సు నందలి ఎవియన్ రేవునుండి స్విట్జర్లాండు నందలి లోజానునకు పడవలో సుమారు 35 నిమిషముల ప్రయాణము. ఆవలి కొండవాలున ద్రాక్షతోటలు మెట్లుమెట్లుగా గన్పట్టును. ఆ సొగసు మా యమ్మకు జూపవలెనని వీడియోకాలు చేసితిని. నడిసరస్సున మాట తెగిపోయెను! ఫ్రాన్సున గొన్న నా సిమ్ముకార్డు స్విస్సు టవరును బట్టుకొనినది.

2017 జూను 15 నుండి ఐరోపా సమాఖ్యలో నొక దేశపు సిమ్ముతో వేఱొక దేశమున, తగు పరిమితిలో, అదనపు రుసుము లేకయే డేటా వాడుకొనవచ్చును. నార్వే, ఐస్లాండులును ఇందు జేరినవి, స్విట్జర్లాండు చేరలేదు. నీటిపై సరిహద్దు మన కంటికి గానరాదు గదా! ఎవియన్ యొడ్డున నిలిచినను నావలి టవరు తగులవచ్చును. కావున పడవ యెక్కకమున్నే రోమింగు డేటాను ఆపుట మేలు.

లోజాను రేవున నొక కాఫీహోటలులో వైఫై దొరకువఱకు నాకు నిలుకడ లేదు. అమ్మ యప్పటికి పదిమార్లు పిలిచియుండెను.